పాత తోటట్రాక్టరు – మంచుమర

మన పల్లెలయందు కాపుటింట ఎడ్లజత యొకటియే యైనను దానికి గట్టు పనిముట్లు పెక్కులు. దున్నుటకు నాగలి, కలుపు కోయుటకు గుంటక, విత్తుటకు గొఱ్ఱు, పంట నింటికి జేర్చుటకు బండి. ఎడ్లు మాఱవు, కాడికి దగిలించునది మాఱును. అమెరికా, కెనడా దేశముల గృహస్థులు ఈ యుపాయమునే యొక చిన్న యంత్రమునం దమర్చుకొనిరి. దానిని తోటట్రాక్టరందురు. వసంతమున అది కూరగాయల మడిని దున్నును; వేసవిలో పచ్చిక గోయును; ఆకులు రాలు కాలమున చెత్తబండిని లాగును. శీతకాలము రాగానే దాని ముందుభాగమున మంచుమర నొకదానిని దగిలించి, ఇంటి బాటపై బడిన మంచును ప్రక్కకు జిమ్మింతురు. స్నో త్రోయరని ఆ దేశీయులు పిలుచు పరికర మిదియే.

సోదరీమణులారా! మంచెఱుగని సీమలో నున్న మన కీ విషయముతో బనియేమని మీలో గొందఱడుగవచ్చును. కుమార్తెయో, చెల్లెలో, మేనకోడలో ఆ మంచుసీమల గాపురమున్న కుటుంబములు నేడు తెలుగునాట వేలకొలదిగా గలవు. వారు అచ్చట పాత యిల్లు కొన్నప్పుడు, దానితోపాటు గరాజు మూలనున్న పాత ట్రాక్టరుగూడ వారి పాలబడుట కలదు. మంచి యినుముతో జేసిన యంత్రమును పాఱవేయ మనసొప్పదు. కాని క్రొత్త యంత్రములలో నుండెడి రక్షణసాధనములు కొన్ని ఈ పాతవానిలో లేవు. ఆ లోటును నడుపువారి జాగ్రత్తయే పూరింపవలెను. కావున దానికి మంచుమరను గూర్చు విధమును, కూర్చిన పిదప చేతులను గాపాడుకొను విధమును తెలిసికొనుట యవసరము.

మంచు బరువు

దూదివలె రాలు మంచునకు బరువెక్కడిదని తోచును. లెక్క వేసి చూతము. వీథినుండి ఇంటివఱకు గల బాట పొడవు 25 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు అనుకొందము. దానిపై ఒక రాత్రిలో 30 సెంటీమీటర్ల మంచు పడినచో 30 ఘనపు మీటర్లగును. పొడిగానుండు క్రొత్త మంచు ఘనపు మీటరు 100 కిలోలు తూగునని పెట్టుకొన్నను, మొత్తము 3,000 కిలోలు. మన లెక్కలో చెప్పవలెనన్న 75 కిలోల ధాన్యపు బస్తాలు నలువది. తడిమంచైనచో ఇంతకు రెండింతలకు పైగా నుండును. ఇది చాలదన్నట్లు, వీథిని శుభ్రపఱచు పురపాలకపు బండి తాను ద్రోసిన గట్టిమంచు నంతటిని ప్రతి యింటి బాటమొదటను గట్టుగా వేసి పోవును.

దీని నంతటిని పారతో నెత్తిపోయుట సులభము కాదు. గడ్డకట్టు చలిలో హఠాత్తుగా అంత శ్రమపడుట గుండెజబ్బు గలవారికి ప్రాణాపాయమని వైద్యులు ప్రతి యేటను హెచ్చరించుచుందురు. పోనీ, కరగువఱకు నూరకుండుదమన్నను వీలులేదు. ఇంటి ముందఱి కాలిబాటను ఇంటివారే శుభ్రపఱుపవలెనని యనేక పట్టణములలో నిబంధన కలదు. అంతకంటె ముఖ్యముగా, అవసరము వచ్చినప్పుడు వైద్యుని బండి ఇంటికి జేరగలుగవలెను. 2022వ సంవత్సరము డిసెంబరు మాసమున బఫెలో నగరప్రాంతమును ముంచిన మంచుతుపానులో నలువదిమందికి పైగా మరణించిరి. బండ్లలో జిక్కుకొన్నవారును, సమయమునకు సాయ మందనివారును అందులో గలరు. తుపాను నాపుట మన వశము కాదు. తుపాను వెలసిన మఱునాడు బాట తెఱచుకొనుట మన వశము.

బఫెలో మొదలు క్లీవ్లండువఱకు ఈరీ సరస్సు తూర్పు, దక్షిణపు టొడ్డులయం దింత మంచేల పడునో గూడ చెప్పెదను. శీతకాలారంభమున సరస్సునీరు ఇంకను వెచ్చగానుండును. ఉత్తరమునుండి వచ్చు చలిగాలి దానిమీదుగా సాగుచు తేమను ద్రాగి, అవతలి యొడ్డు చేరగానే మంచుగా గ్రుమ్మరించును. సరస్సు గడ్డకట్టినంతనే ఈ యుధృతి తగ్గును.

యంత్రపు పుట్టుక

మంచును ద్రోయుటకు మాఱుగా త్రిప్పి చిమ్మవచ్చునను తలపు క్రొత్తది కాదు. టొరంటో నగరపు దంతవైద్యుడు జె. డబ్ల్యూ. ఎలియట్ అనునాతడు 1869లోనే రైలుదారులకొఱకు ఇట్టి తిరుగుడు యంత్రమునకు పేటెంటు పొందెను. క్యుబెక్ సీమవాసియగు ఆర్థర్ సికార్డు 1925లో బండిపై నమర్చిన మంచుచిమ్ము యంత్రమును సిద్ధపఱచి, 1927లో మాంట్రియలు చెంతనున్న ఊత్రమోఁ పట్టణమునకు దాని నమ్మెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము పట్టణపు శివార్లలో విశాలమైన పెరడు గల యిండ్లు పెరిగినప్పుడు తోటట్రాక్టరులకు గిరాకి గలిగెను. ఇండియానా రాష్ట్రపు సౌత్ బెండునుండి వీల్ హార్సు వచ్చెను. ఇంటర్నేషనల్ హార్వెస్టరువారు 1961లో కెంటకీ రాష్ట్రపు లూయివిల్లు కార్ఖానాలో కబ్ కేడెట్టును దయారుచేయ మొదలిడిరి. దానికి ఏడు గుఱ్ఱముల బలముగల కోలర్ ఇంజను. జాన్ డీరువారి 110వ సంఖ్య ట్రాక్టరు 1963లో వెలువడెను. ఈ తరగతి యంత్రముల చట్రము దళసరి యుక్కు. కోలర్ ఇంజనుల సిలిండరు పోత యినుము. అఱువదేండ్లు గడచినను అవి నేటికిని పనిచేయుటకు ఈ మందమే ముఖ్యకారణము. మఱియొక కారణము, పానా పట్టనేర్చిన వారెవరైనను వానిని విప్పి మఱల బిగింపవచ్చును.

మంచుమర స్వరూపము

ముందువైపు తెఱచియున్న పెద్ద యినుపడొప్పను తలచుకొనుడు. దాని వెడల్పు సాధారణముగా 36 మొదలు 42 అంగుళములు. డొప్పలో అడ్డముగా నొక యిరుసు. దాని చుట్టును ఇరువైపులనుండి మధ్యకు ద్రిప్పిన యినుపపట్టీలు. ఇరుసు తిరిగినప్పుడు ఈ పట్టీలు ప్రక్కల మంచును మధ్యకు దెచ్చును. మధ్యనున్న రెక్కలు దానిని పైగొట్టములోనికి జిమ్మును. గొట్టమును కూర్చున్నచోటనుండియే ఒక పిడితో కుడియెడమలకు ద్రిప్పుకొనవచ్చును. పాత తోటట్రాక్టరుల మంచుమరలలో బెక్కులు ఈ విధమైనవే. కొన్నింట మంచును జేర్చుట కొక మరయు, దాని వెనుక చిమ్ముట కొక చక్రమును వేఱువేఱుగా నుండును. అట్టివి మంచును మఱింత దూరముగా జిమ్మును.

ఇంజను బలము బెల్టు మీదుగా కప్పీకి, అచ్చటనుండి గేరుపెట్టెకును గొలుసునకును వచ్చి ఇరుసును ద్రిప్పును. మంచుమరను కొనుటకు ముందే ట్రాక్టరు సంఖ్యను వ్రాసికొని పోవలెను. ఒకే సంస్థవారి ట్రాక్టరులలోనే కొన్నింటి చట్రము ఇఱుకు, కొన్నింటిది వెడల్పు. ఒకదాని కొక్కెములు మఱియొకదాని కందవు. అందనిదానిని కోసి, అతికి, ఎట్లో తగిలించినచో బెల్టు వంకరగా నడచి తెగును. ఎనిమిది గుఱ్ఱముల లోపు బలముగల ఇంజనునకు సన్ననిమరయే మేలు. దూడమెడకు ఎద్దుకాడి తగదు గదా!

కూర్చు విధము

ఇది మంచు పడునప్పుడు చేయదగిన పని కాదు. అక్టోబరు మాసమున, వ్రేళ్లు కొంకర్లు పోకముందే, చదునైన నేలపై, పట్టపగలు చేయవలెను. మొదటి పని స్పార్కు ప్లగ్గునుండి తీగను ఊడదీసి దూరముగా నుంచుట. ఇంజను పొరబాటుననైనను దిరుగకుండుటకు ఇది తాళమువంటిది. పిదప ట్రాక్టరు కడుపుక్రింద నున్న గడ్డికోత పళ్లెమును, దాని బెల్టును విప్పి, శుభ్రపఱచి, గోడకు జేర్చవలెను.

ఆమీద నూనెలు. వేసవికి బోసిన చిక్కని నూనె చలికి ముద్దగట్టి ఇంజనును దిరుగనీయదు. దానిని దీసివేసి, ఇంజనుతోడి పుస్తకమున జెప్పిన చలికాలపు నూనె, సాధారణముగా 5డబ్ల్యూ-30 అనునది, పోయవలెను. మంచుమర గేరుపెట్టెలో నూనె యున్నదో లేదో చూచి, గొలుసునకును ఇరుసు చివరలకును నూనెయో గ్రీజో యందింపవలెను. నిరుటి పెట్రోలు చెడిపోయి కార్బ్యురేటరును మూసివేయును గనుక దాని నుపయోగింపరాదు.

నా చెల్లెలు ఓహాయో రాష్ట్రమున ఈరీ సరస్సుతీరపు టూరిలో గాపురమున్నది. ఆమె భర్తకు ఆసుపత్రిలో రాత్రికొలువు. ఇంటితో వచ్చిన పాత ట్రాక్టరునకు మంచుమరను దానే కూర్చుకొనును. నే నచ్చటికి బోయిన యేడు ఆ పనిని ప్రక్కనుండి చూచితిని. మనిషి మోయలేని యా యినుపడొప్పను ఆమె యొక్క నాడైనను ఎత్తలేదు. నాలుగు చిన్నచక్రములు బిగించిన పలకపై దానిని నిలిపి, నేలపై దొర్లించుచు ట్రాక్టరు ముందునకు జేర్చినది. పలకక్రింద సన్నని చెక్కలు దూర్చి ఎత్తును సరిజూచినది. చట్రపు రంధ్రములును, డొప్ప చెవుల రంధ్రములును ఎదురెదురుగా వచ్చినంతనే మేకులు చేతి యొత్తుడుకే లోనికి దిగినవి. సుత్తితో గొట్టవలసివచ్చిన చోట ఎత్తు కుదురలేదని యర్థము; కొట్టుట మాని మఱల సరిచూడవలెను. మేకులు దిగిన పిదప వాని కొసలకు చీలమేకులు వేసి, మంచుమరను లేపు కడ్డీని ట్రాక్టరు లివరునకు దగిలించినది. కండబల మక్కఱలేదు, కొలత తెలిసిన చాలును.

తరువాతి పని బెల్టు. ఇంజను కప్పీయు, మంచుమర కప్పీయు ఒకే వరుసలో నుండవలెను. రెంటికిని ఆనించి తిన్నని బద్దను బట్టినచో వంకర యేమున్నను కనబడును. బెల్టు మిక్కిలి బిగువైనచో ఇరుసుల బేరింగులు అరిగిపోవును. వదులైనచో జాఱి, కాలి, కంపుగొట్టును. దానిని దగినంత బిగించుటకు స్ప్రింగు గల చిన్నకప్పీ యొకటి యుండును. ఆ కప్పీ తుప్పుపట్టక తేలికగా గదలుచున్నదో లేదో చూడవలెను. బెల్టుపై కప్పును మఱల బిగింపక వదలరాదు. చీరకొంగు, శాలువ, మెడకు జుట్టిన ఉన్నిపట్టె, ఇవి యేవియు తిరుగు యంత్రముదరి నుండగూడదు.

ప్లగ్గుతీగ ఇంకను విడిగానున్నప్పుడే, దళసరి తోలు చేతితొడుగు వేసికొని ఇరుసును మెల్లగా ద్రిప్పి చూడవలెను. ఎక్కడను డొప్పను రాచుకొనరాదు. గొట్టము లోపల మైనము పూసినచో తడిమంచు అంటుకొనుట తగ్గును. డొప్ప యడుగున ఇరుప్రక్కల నుండు జాఱుడుపట్టీలను, గట్టిబాటయైనచో నేలకు దగ్గఱగాను, కంకరబాటయైనచో అంగుళ మెత్తుగాను దించుకొనవలెను. లేకున్న మంచుతోపాటు కంకరయు చిమ్మబడి కిటికీలు బ్రద్దలగును.

కొన్ని మరలలో ఇరుసునకు మెత్తని యినుపమేకు లమర్పబడి యుండును. రాయియో, గడ్డకట్టిన వార్తాపత్రికయో మరలో జిక్కినప్పుడు ఆ మేకు తాను విఱిగి గేరుపెట్టెను గాపాడును. అది పదే పదే విఱుగుచున్నదని గట్టి యుక్కుమేకును దొడిగినచో, మఱునా డెప్పుడో గేరుపెట్టెయే పగులును. తగిన మేకులనే కొని, నాలుగు అదనముగా డబ్బాలో వేసికొనవలెను. ఇట్టి మేకును జూపి ఇల్లాలికి త్యాగము బోధించువా రుందురేమో! మేకును మార్చుకొనవచ్చును, మనిషిని మార్చుకొనలేము. ఆ భేదమును మఱువకుండుటకే ఈ వ్యాసపు మిగిలిన భాగము.

వెనుక బరువు, చక్రములకు గొలుసులు

ముందు బరువు వ్రేలాడినప్పుడు వెనుక చక్రములకు నేలపట్టు తగ్గును. ట్రాక్టరును నడుపునవి వెనుక చక్రములే గనుక, అవి మంచుపై నూరక తిరుగును. దీనికి మూడుపాయములు. చక్రములకు పోతయినుప బిళ్లలు బిగించుట యొకటి. టైరులలో గడ్డకట్టని ద్రవమును నింపించుట రెండవది. వెనుక పెట్టెలో ఇసుకబస్తా నుంచుట మూడవది. ఏ యుపాయమైనను, టైరులకు గొలుసులు చుట్టుట తప్పదు. గొలుసును బిగించి, పది బారలు నడిపి, మఱల బిగింపవలెను. మొదటి బిగువు తప్పక సడలును. ఏటవాలు బాటలు గలవారు గొలుసులు లేక దిగనేరాదు.

నడుపునప్పుడు

మంచు పడకముందే బాటపై నున్న కాలితుడుపు పట్టలు, పిల్లల జాఱుడుబండ్లు, నీటిగొట్టములు తీసివేసి, బాట అంచులను దెలుపుటకు ఇరువైపుల కఱ్ఱలు నాటుకొనవలెను. ఇంజనును గరాజు లోపల నుంచి వేడిచేయుదమనుకొనరాదు. తలుపు తెఱచియున్నను దాని పొగలోని కార్బన్ మొనాక్సైడు ఇంటిలోనికి బ్రాకును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము దీయును. ఇంజను మొదలిడినంతనే వెలుపలికి దెచ్చి అచ్చటనే వేడెక్కనీయవలెను.

క్లచ్చిని ఇంజను నెమ్మదిగా దిరుగునప్పుడు కలిపి, పిదప వేగము పెంచవలెను. మంచును జిమ్మునప్పుడు ఇంజను పూర్తివేగముతోను, బండి నత్తనడకతోను సాగవలెను. కోలర్ కె తరగతి ఇంజనులకు పూర్తివేగ మనగా నిమిషమునకు 3,600 చుట్లు. చిమ్ము వేగమును దగ్గించినచో మంచు గొట్టములో నిలిచి బిగియును. నడక వేగమును బెంచినను అంతియే. లోతుమంచున మర సగము వెడల్పు మాత్రమే పట్టించి రెండు మాఱులు పోవలెను. గాలివాలున జిమ్మవలెను, పొరుగింటి కిటికీవైపునకు గాని, వీథివైపునకు గాని చిమ్మరాదు. పిల్లలు ఇంటిలోపల నుండవలెను.

గొట్టము మూసికొన్నప్పుడు

ఇది యన్నింటికంటె ముఖ్యము. తడిమంచు పట్టినప్పుడు గొట్టము తప్పక మూసికొనును. అప్పుడు మనిషి సహజముగా జేయు పని, దిగివచ్చి, చేయిపెట్టి ఆ ముద్దను లాగుట. అమెరికాలో ఏటేట వేలకొలది జనులు మంచుమరల వలన గాయపడి ఆసుపత్రులకు బోవుచున్నారు. వానిలో చేతివ్రేళ్ల గాయములు మిక్కిలి యెక్కువ.

క్రొత్త ట్రాక్టరులలో మనిషి పీఠమునుండి లేచినంతనే ఇంజనో, మరయో ఆగునట్లు పీఠముక్రింద మీట యుండును. పాతవానిలో బెక్కింట అది లేదు. మనము దిగినను మర తిరుగుచునే యుండును. చక్రముల చప్పుడు, గాలిహోరు, మంచుతెర, ఇన్నింటి నడుమ అది తిరుగుచున్నదో లేదో కంటికిని చెవికిని తెలియదు.

ఇంజనును ఆపినంత మాత్రమున నపాయము తీరదు. మంచుముద్ద బిగిసి మర నిలిచినప్పుడు బెల్టునందును గొలుసునందును ఆ బిగువు పట్టి యుండును. ముద్దను లాగిన క్షణమున ఆ బిగువు విడిపడి మర ఒక్క గిరుక్కున దిరుగును. సగము చుట్టే యైనను చాలును. చెల్లెలి పొరుగింటి వృద్ధుడు ఆమెకు ఈ పని నేర్పినవాడు. ఆయన కుడిచేతి రెండు వ్రేళ్లకు కొసలు లేవు. ఇంజను ఆపియే చేయిపెట్టితినని ఆయన చెప్పెను. ఆమెకు బెల్టు నేర్పుటకు ముందుగా ఆ చేతిని జూపెనట.

కాబట్టి క్రమ మిది. క్లచ్చిని విడదీయుడు. ఇంజనును ఆపుడు. తాళపుచెవిని దీసి జేబులో వేసికొనుడు. ప్లగ్గుతీగను ఊడదీయుడు. తిరుగునది యంతయు నిలుచువఱకు వేచియుండుడు. అప్పుడు పొడవైన గట్టికఱ్ఱతో ముద్దను పొడిచి విడిపింపుడు. మర నిలిచియున్నను చేయి పెట్టరాదు, చేతితొడుగున్నను పెట్టరాదు. ఆ కఱ్ఱను ట్రాక్టరు ప్రక్కనే కట్టియుంచవలెను. అది ఇంటిలో నున్నచో, తొందరలో చేయియే ముందునకు బోవును.

పని ముగిసిన పిదప

బాట శుభ్రమైన పిదప వెంటనే ఇంజనును ఆపక, మరను మఱికొంతసేపు ఉత్తగా ద్రిప్పినచో లోపలి మంచు రాలిపోవును. లేకున్న తెల్లవాఱునప్పటికి ఇరుసు గడ్డకట్టి కదలదు. పెట్రోలు పోయుట ఇంజను చల్లారిన పిదపనే. పట్టణపు బండి చల్లిన యుప్పు ఇనుమునకు శత్రువు. దానిని దుడిచి నూనె పూయవలెను. వసంతమున మరను విప్పునప్పుడు మేకులను, చీలమేకులను ఒక డబ్బాలో వేసి దానిపై పేరు వ్రాసికొనుడు. అదే పలకపై నిలిపి గరాజు మూలకు దొర్లించినచో, వచ్చు అక్టోబరున ఎవరిని పిలువనక్కఱ యుండదు.

మంచుసీమల నున్న తమ బిడ్డలకు పచ్చళ్లును పొడులును పంపు తల్లు లీ పుటను గూడ ఆ పొట్లములో వేసి పంపుదురు గాక. తాము నడుపకున్నను, ఇంట నడుపువారిని ఆ కఱ్ఱ యెక్కడనున్నదని అడుగుటకైనను అది యుపయోగపడును.